ఇంటిని వెంటేసుకుని...

మన దగ్గర రిటైర్మెంటు అనగానే కొన్ని పనులు గుర్తొస్తాయి. చేతికొచ్చిన డబ్బుతో ఇంటిమీద ఓ అంతస్తు వేయడం, మిగిలిపోయిన పెళ్లి ఏదైనా ఉంటే చేసేయడం, కాశీ రామేశ్వరాలు చూసి రావడం. అమెరికా మధ్య రాష్ట్రాల్లో స్థిరపడిన చాలామంది కలగనే పని వేరు. ఓ బుల్లి ఇంటిని చక్రాలమీద పెట్టుకుని, వేసవి పొడవునా పడమటి కొండల్లో తిరిగి రావాలి!

ఏటా మే నెలాఖరు వచ్చిందంటే చాలు, ఇంటర్‌స్టేట్-80 రహదారిమీద ఆ బళ్లు బారులు తీరతాయి. పిల్లల్ని చూడ్డానికి అమెరికా వెళ్లొచ్చిన మన పెద్దవాళ్లు కూడా వాటిని చూసే ఉంటారు. వెనక సైకిళ్లు వేలాడుతూ, నెత్తిన ఏసీ పెట్టెతో నెమ్మదిగా పోతుంటాయి. వాటన్నిటికీ కలిపి ఒకటే పేరు- ఆర్వీ. అందులో రకాలు చాలానే. ఇంజిన్‌తో సహా మొత్తం ఒకే బండి అయితే మోటార్‌హోమ్. ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లేది ట్రైలర్. ట్రక్కు వీపుమీదే కూర్చునేది ట్రక్ క్యాంపర్. బస్సంత పెద్దవి ఉన్నాయి, మన ఆటో ట్రాలీకి కాస్త పెద్దన్నల్లా ఉండేవీ ఉన్నాయి. లోపల మాత్రం అన్నిట్లోనూ అదే సంసారం. ఓ మంచం, ఓ గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, అంతకన్నా చిన్న బాత్‌రూమ్.

నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ నగరానికి చెందిన ఓ జంట 2017 వేసవిలో అలాగే బయల్దేరింది. ఆయనకి 68. హైస్కూల్లో పిల్లలకి వడ్రంగం, వెల్డింగ్ నేర్పుతూ ముప్ఫై ఏళ్లు పనిచేశాడు. ఆమెకి 65. నర్సుగా చేసి అంతకు ముందు ఏడాదే మానేసింది. పందొమ్మిది అడుగుల సెకండ్‌హ్యాండ్ ట్రైలర్ ఒకటి కొన్నారు. లోపలి అరల్నీ తలుపుల్నీ ఆయనే విప్పి మళ్లీ బిగించాడు. పనివాడి చేతులు కదా, ఊరికే ఉండవు!

అయితే ఆ ప్రయాణానికి సరదాతోపాటు మరో కారణం ఉంది. ఆ ఏడాది జనవరిలో కంటి డాక్టరు ఆయనకి మాక్యులర్ డీజనరేషన్ మొదలైందని చెప్పాడు. కంటి వెనక ఉండే రెటీనా పొరలో సరిగ్గా నడిమి భాగం అరిగిపోయే జబ్బది. అంచుల్లో చూపు ఉంటుంది. మధ్యలోనే మసక. ఎదుటి మనిషి భుజాలు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. గోడ కనిపిస్తుంది, గోడమీద గడియారంలో ముళ్లు కనిపించవు. ‘ఇప్పటికి తొలిదశే, పగటిపూట బండి నడపొచ్చు, రాత్రిళ్లు మాత్రం వద్దు’ అన్నాడు డాక్టరు. ఎన్నాళ్లని అడిగితే చెప్పలేనన్నాడు.

‘ఎప్పుడో చూద్దామనుకున్నవన్నీ ఈ వేసవిలోనే చూసేద్దాం’ అన్నాడాయన. ఆమె సరేనంది.

ఫ్రిజ్ తలుపుమీద గళ్ల కాగితం

డాక్టరు వాళ్లకి ఓ కాగితం ఇచ్చాడు. లెక్కల పుస్తకంలోలా నిండా చిన్నచిన్న గళ్లు, నడుమ ఓ చుక్క. దాన్ని ఆమ్స్‌లర్ గ్రిడ్ అంటారు. రోజూ పొద్దున్నే కళ్లద్దాలు పెట్టుకుని ఒక కన్ను మూసి రెండో కంటితో ఆ చుక్కని చూడాలి. తర్వాత ఆ కన్ను మూసి ఇదీ. గీతలన్నీ తిన్నగా ఉంటే సరే. ఎక్కడైనా గీత వంగినట్టో, అలలా కదిలినట్టో, ఓ గడి మాయమైనట్టో అనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఆలస్యం చేయకూడదు.

ఆమె ఆ కాగితాన్ని ట్రైలర్లో ఫ్రిజ్ తలుపుకి అంటించింది. కాఫీ కలుపుతూ ‘ఊ’ అనేది. ఆయన ఓ కన్ను మూసి ‘తిన్నగానే ఉన్నాయి’ అనేవాడు. రెండో కన్ను మూసి ‘ఇదీ తిన్నగానే’ అనేవాడు. అప్పుడు కాఫీ కప్పు చేతికొచ్చేది. వేసవంతా రోజు అలాగే మొదలైంది.

నీళ్లూ మురుగూ... అన్నీ లెక్కే

దూరాన్నుంచి చూస్తే ఈ బతుకు హాయిగా కనిపిస్తుందిగానీ, ఇంటిని వెంటేసుకుని తిరగడమంటే ఇంటిచాకిరీ కూడా వెంట వచ్చినట్టే. క్యాంప్‌గ్రౌండ్ చేరగానే మొదటి పని బండిని సమంగా నిలబెట్టడం. తాపీమేస్త్రి వాడే రసమట్టం పెట్టి చూసి, పల్లంగా ఉన్నవైపు చక్రం కింద చెక్కలు పెట్టాలి. నిద్రలో దొర్లిపోతామని కాదు. గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ ఒరిగి ఉంటే సరిగా పనిచేయదు మరి!

తర్వాత హుకప్‌లు. కరెంటుకో తీగ, మంచినీళ్లకో గొట్టం, మురుగుకో గొట్టం. మూడూ ఉన్నచోటికి అద్దె ఎక్కువ. అడవిలోపలి క్యాంప్‌గ్రౌండ్లలో మూడూ ఉండవు. అక్కడ బండిలో నింపుకున్న నీళ్లే దిక్కు. వాళ్ల ట్యాంకులో పట్టేది నూటపది లీటర్లు. అందులోనే వంట, గిన్నెలు, స్నానాలు. తడుపుకుని కుళాయి కట్టేసి, సబ్బు రుద్దుకుని, మళ్లీ తిప్పి కడుక్కోవాలి. ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టిన అనుభవం ఉన్నవాళ్లకి ఈ పొదుపు చెప్పక్కర్లేదు. వాడిన నీళ్లు ఒక ట్యాంకులోకి, మరుగుదొడ్డివి మరో ట్యాంకులోకి పోతాయి. అవి నిండితే డంప్ స్టేషన్‌కి తీసుకెళ్లి స్వయంగా ఖాళీ చేసుకోవాలి. ఆ పని ఆయనది. ‘ముప్ఫై ఏళ్లు బెడ్‌పాన్లు మోశాను, ఇక నీ వంతు’ అని మొదటిరోజే తేల్చి చెప్పేసిందావిడ.

ఖర్చు విషయంలో మాత్రం వయసు కలిసొచ్చింది. అమెరికాలో 62 దాటిన పౌరులకీ శాశ్వత నివాసులకీ జాతీయ పార్కుల్లోకి జీవితకాల పాస్ ఇస్తారు. 2017 ఆగస్టు 28 దాకా దాని ధర కేవలం 10 డాలర్లు. ఆ రోజునుంచి 80 డాలర్లయింది. కేంద్రప్రభుత్వ క్యాంప్‌గ్రౌండ్లు చాలావాటిలో ఆ పాస్ చూపిస్తే అద్దె సగమే. ఆ వేసవిలో ఏ పార్కు గేటు దగ్గర చూసినా, ధర పెరిగేలోపు కొనేద్దామని వచ్చిన తెల్లజుట్టు జనమే! ఈ జంట మూడేళ్ల కిందటే కొని పెట్టుకుంది.

కొండెక్కితే పప్పుడకదు

మొదటి మజిలీ కొలరాడోలోని ఎస్టెస్ పార్క్. లింకన్ ఎత్తు సముద్రమట్టానికి పన్నెండు వందల అడుగులకి లోపే. ఎస్టెస్ పార్క్ ఏడున్నర వేల అడుగులు. రెండు రోజుల్లో అంత ఎత్తుకి చేరితే ఒళ్లు ఒప్పుకోదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం, రాత్రి తలనొప్పి. నీళ్లు ఎక్కువ తాగి రెండురోజులు కదలకుండా కూర్చోవాలంది ఆ నర్సమ్మ. కూర్చున్నారు.

పొయ్యి కూడా మొరాయించింది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది, నీళ్లు తక్కువ వేడికే మరిగిపోతాయి. ఎస్టెస్ పార్క్‌లో 92 డిగ్రీలకే తెర్లుతాయి. గిన్నె కుతకుతలాడుతూనే ఉంటుంది, బీన్స్ గింజ మాత్రం మెత్తబడదు. మూడు గంటలు ఉడికించాక ఆమె విసిగిపోయి ఊళ్లోకెళ్లి ప్రెషర్ కుక్కర్ కొనుక్కొచ్చింది. మన ఇళ్లలో పెళ్లికి ముందే కొనే వస్తువు ఆవిడ వంటింట్లోకి 65వ ఏట చేరిందన్నమాట!

ఇంజిన్‌కీ అదే బాధ. పెట్రోలుతో నడిచే మామూలు ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు మూడు శాతం బలం కోల్పోతుంది. పదివేల అడుగుల ఎత్తులో మూడోవంతు గాలికిపోయినట్టే. ఎక్కడం సంగతి అలా ఉంచితే దిగడం ఇంకా కష్టం. వెనక రెండు టన్నుల ఇల్లు తోస్తుంటే బ్రేకుమీదే కాలు పెట్టి దిగితే బ్రేకులు కాలి పట్టు వదిలేస్తాయి. గేరు తగ్గించి, ఇంజిన్‌నే ముకుతాడు చేసుకుని దిగాలి. పెద్ద లోయల పక్కన అక్కడక్కడా కంకర పోసిన ఎదురెక్కు దారులు ఉంటాయి. బ్రేకులు పోయిన లారీలు ఎక్కి ఆగడానికి. వాటిని చూసినప్పుడల్లా ఆమె సీటు అంచు గట్టిగా పట్టుకునేది.

ఎస్టెస్ పార్క్ నుంచి మొదలయ్యే ట్రైల్ రిడ్జ్ రోడ్డు 12,183 అడుగుల ఎత్తుకి వెళ్తుంది. ఏటా చలికాలమంతా మంచుకింద ఉండి, మే నెలాఖరుకి తెరుచుకుంటుంది. ట్రైలర్ని కిందే వదిలి ట్రక్కులో వెళ్లారు. పదకొండున్నర వేల అడుగులు దాటాక చెట్టన్నదే ఉండదు. నేలనంటుకుని పెరిగే గడ్డి, గోరంత పూలు, రాళ్లమధ్య ఎండ కాగే మార్మట్‌లు. గాలికి తలుపు తీయడానికే బలం చాల్లేదు. ఆయన చాలాసేపు బండి పక్కన నిలబడి ఒక్కో కొండపేరూ పటంలో చూసి చెప్పాడు. పటంలో అక్షరాలు చదవడానికి భూతద్దం తీశాడని ఆమె చూసింది. చూడనట్టే ఊరుకుంది.

రివర్స్ గేరు పాఠం

నలభయ్యేళ్లు కాపురం చేసినవాళ్లకి కూడా ట్రైలర్ రివర్స్ చేయడం కొత్త పరీక్షే. ఒకరు నడుపుతారు, మరొకరు వెనక నిలబడి చేతులూపుతారు. ‘కుడికి’ అంటే ఎవరి కుడి? బండిదా, మనిషిదా? క్యాంప్‌గ్రౌండ్లో సాయంత్రం అయ్యిందంటే ప్రతి వరసలోనూ ఓ జంట ఇదే విషయంమీద పోట్లాడుకుంటూ ఉంటుంది. చుట్టుపక్కలవాళ్లు కుర్చీలేసుకుని చూస్తుంటారు, పైకి చూడనట్టే!

ఆమె అప్పటిదాకా ట్రైలర్ ఒక్కసారీ నడపలేదు. నడపాల్సి వస్తుందని మాత్రం జనవరి నుంచీ తెలుసు. ఆ మాట ఆయన దగ్గర ఎత్తితే ‘నాకు కళ్లు పోయాయనుకుంటున్నావా?’ అంటాడని భయం. గ్రేట్ శాండ్ డ్యూన్స్ దగ్గర పక్క సైటులో ఓ పెద్దావిడ దిగింది. డెబ్భై దాటిన మనిషి, భర్త పోయి ఆరేళ్లు. ఒక్కతే ట్రైలర్ లాక్కుంటూ వచ్చి, ఒక్క ఊపులో రివర్స్ చేసి, పావుగంటలో టీ పెట్టుకుని కూర్చుంది. ఉత్తర అమెరికాలోకెల్లా ఎత్తయిన ఇసుకతిన్నెలు అక్కడున్నాయి, సుమారు 750 అడుగులు. ఆమె కళ్లు వాటిమీద లేవు, ఆ ట్రైలర్ మీదే!

మర్నాడు మగవాడు ఇసుకతిన్నెలు ఎక్కడానికి వెళ్లగానే ఇద్దరాడవాళ్లూ ఓ ఖాళీ మైదానానికి బండి తీసుకెళ్లారు. ‘చెయ్యి స్టీరింగ్ పైన కాదు, కింది భాగంలో పెట్టు. ట్రైలర్ వెనక భాగం ఎటు వెళ్లాలో చెయ్యి అటు జరుపు. కొంచెం కొంచెం. తప్పిందనిపిస్తే ఆపి ముందుకెళ్లి మళ్లీ మొదలెట్టు. అందులో నామోషీ ఏం లేదు’ అంది పెద్దావిడ. పాఠం అంతే. రెండు గంటలు పట్టింది. రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు చచ్చాయి.

సాయంత్రం ఆయన తిరిగొచ్చేసరికి బండి సైటులో వేరేలా నిలబడి ఉంది. కాసేపు చూశాడు. ‘నాకన్నా తిన్నగా పెట్టావు’ అన్నాడు. ఇంకేం అనలేదు.

అందరూ షికారుకి రాలేదు

జూన్ అంతా కొలరాడో, వ్యోమింగ్‌లలో గడిచింది. ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల అద్దె లేకుండా పద్నాలుగు రోజులదాకా బండి నిలుపుకోవచ్చు. నీళ్లు, కరెంటు ఏవీ ఉండవు, ఆకాశం తప్ప. అలాంటి ఓ చోట వాళ్లకి పొరుగున ఓ వ్యాన్ ఉండేది. అందులో అరవై దాటిన ఒకాయన. ఎక్కణ్నుంచి వచ్చారని అడిగితే ‘ఇక్కణ్నుంచే’ అన్నాడు. తర్వాత తెలిసింది, ఆ వ్యానే ఆయన ఇల్లని. 2008 ఆర్థికమాంద్యంలో అప్పు కట్టలేక ఇల్లు పోయింది. వేసవిలో క్యాంప్‌గ్రౌండ్ కాపలా, ఆకురాలే కాలంలో చక్కెరదుంప కోతలు, చలికాలం దక్షిణాన ఎడారిలో. అలాంటి వాళ్ల గురించే జెసికా బ్రూడర్ రాసిన ‘నోమాడ్‌ల్యాండ్’ పుస్తకం ఆ ఏడాదే వచ్చింది. దాని ఆధారంగా తీసిన సినిమాకి 2021లో ఉత్తమచిత్రంగా ఆస్కార్ దక్కింది.

‘మనకి తిరిగి వెళ్లడానికి ఇల్లుంది’ అందామె ఆ రాత్రి. కుక్కర్లో వండిన బీన్స్ ఓ గిన్నెడు ఆ వ్యాన్‌కి వెళ్లాయి. పొద్దున గిన్నె కడిగి, అందులో నాలుగు బంగాళాదుంపలు పెట్టి మెట్టుమీద ఉంచి వెళ్లాడా మనిషి.

రెండు సముద్రాల చెరువు

ఎల్లోస్టోన్ 1872లో ఏర్పడిన మొట్టమొదటి జాతీయ పార్కు. అక్కడ ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దాదాపు గంటన్నరకోసారి నేలలోంచి వేడినీళ్లు ఎగజిమ్ముతుంది. దాని చుట్టూ ఎప్పుడూ జనమే. వాళ్లు దిగిన ఫిషింగ్ బ్రిడ్జ్‌లో గుడ్డ గుడారాలకి అనుమతి లేదు. ఎలుగుబంట్ల భయం! గట్టి గోడలున్న బండ్లనే రానిస్తారు. తినే వస్తువన్నది ఆరుబయట ఒక్క క్షణం వదలకూడదు. దున్నలకి 25 గజాలు, ఎలుగులకీ తోడేళ్లకీ 100 గజాలు దూరం ఉండాలి. ఆ దున్నలకి మాత్రం ఈ నియమం తెలియదు. ఓ పొద్దున బండి తలుపు తీస్తే మెట్టు పక్కనే ఒకటి పడుకుని ఉంది. అది లేచి వెళ్లేదాకా గంటన్నర కాఫీలు తాగుతూ లోపలే కూర్చున్నారు.

ఆయనకి ఎక్కువ నచ్చింది మాత్రం ఎవరూ ఆగని ఓ చిన్న చెరువు. పేరు ఐసా లేక్. 8,262 అడుగుల ఎత్తులో, సరిగ్గా ఖండాన్ని రెండుగా విడదీసే గట్టుమీద ఉంది. మంచు కరిగే రోజుల్లో రెండువైపులా పొంగుతుంది. తూర్పునుంచి జారే నీళ్లు చుట్టుతిరిగి పసిఫిక్ మహాసముద్రానికి, పడమటినుంచి జారేవి మిస్సోరీ నదిలో కలిసి తూర్పుకి పోయి గల్ఫ్ ఆఫ్ మెక్సికోకీ చేరతాయి. అంతా తలకిందులు! ఆ మిస్సోరీయే నెబ్రాస్కాకి తూర్పు సరిహద్దు. ‘ఈ నీళ్లు మనకన్నా ముందు ఇంటికెళ్తాయి’ అన్నాడాయన కలువపూలని చూస్తూ.

జులైలో మోంటానాలోని గ్లేసియర్ పార్కు. అక్కడి గోయింగ్-టు-ది-సన్ రోడ్డు చూడాలన్నది ఆయన చిన్ననాటి కోరిక. 1933లో ప్రారంభమైన ఆ రోడ్డు నిలువు కొండచరియని చెక్కుకుంటూ 6,646 అడుగుల లోగన్ పాస్‌కి ఎక్కుతుంది. 21 అడుగులకన్నా పొడవైన బండ్లని పైకి రానివ్వరు. ట్రైలర్ వదిలి ట్రక్కులో వెళ్దామన్నాడాయన. ఆమె ఒప్పుకోలేదు. ‘నడిపేవాడికి రోడ్డే కనిపిస్తుంది, కొండలు కనిపించవు. నువ్వు చూడ్డానికి వచ్చావు, చూడు’ అని ఎర్రబస్సుకి టికెట్లు కొంది. 1930ల నాటి ఆ బస్సుల కప్పు గుడ్డది. చుట్టచుట్టి వెనక్కి తీసేస్తే నెత్తిమీద అంతా ఆకాశమే. మలుపు మలుపుకీ నీటిధారలు రోడ్డుమీద పడుతుంటే ఆయన చిన్నపిల్లాడిలా తల వెనక్కి వాల్చి కూర్చున్నాడు.

ఆ పార్కులో 1850 ప్రాంతంలో సుమారు 150 హిమానీనదాలు ఉండేవని అంచనా. 2015లో లెక్కేస్తే హిమానీనదం అనదగ్గ పరిమాణంలో మిగిలినవి 26. ‘మేమిద్దరం ఒకేసారి వెళ్లిపోతున్నాం’ అన్నాడు. ఆమెకి నవ్వు రాలేదు.

ఎడమ కన్ను

ఆగస్టు వచ్చేసరికి మోంటానా పొగలో మునిగింది. ఆ ఏడాది అక్కడ అడవులు విపరీతంగా తగలబడ్డాయి. వాళ్లు వచ్చేసిన తర్వాత, ఆగస్టు నెలాఖరున గ్లేసియర్‌లో వందేళ్ల చరిత్రున్న స్పెర్రీ చాలెట్ అనే రాతి విడిది కాలిపోయింది. ఫ్లాట్‌హెడ్ సరస్సు దగ్గర కొన్న చెర్రీపళ్ల బుట్ట పట్టుకుని దక్షిణానికి తిరిగారు. బేర్‌టూత్ రహదారి ఎక్కి ఇంటిదారి పట్టాలని ఆయన పథకం. 10,947 అడుగుల ఎత్తున్న ఆ కనుమ ఆయన జాబితాలో చివరిది.

దారిలో ఎల్లోస్టోన్ ఈశాన్యమూల లామార్ లోయ. 1995లో తోడేళ్లని తెచ్చి వదిలింది ఆ వైపునే. పొద్దున్నే జనం రోడ్డుపక్క టెలిస్కోపులు నిలబెట్టుకుని వాటికోసం ఎదురుచూస్తుంటారు. ఒకాయన పిలిచి తన టెలిస్కోపులో చూడమన్నాడు. ఆయన వంగి చూశాడు. ఎడమ కంటితో! తుపాకీ గురిపెట్టినా, చెక్కకి మట్టం చూసినా నలభయ్యేళ్లుగా ఆయన పెట్టేది కుడి కన్నే. ఆమె అక్కడేం మాట్లాడలేదు. మర్నాడు పొద్దున కాఫీ ఇవ్వకుండా ఫ్రిజ్ ముందు నిలబడింది.

‘ఎడమకన్ను మూసి చూడు.’

ఆయన చూశాడు. చాలాసేపు.

‘ఎన్నాళ్లుగా?’

‘నాలుగు రోజులు. నడిమి గీతలు నీళ్లలో పడ్డట్టు వంగుతున్నాయి.’

‘తిన్నగానే ఉన్నాయని రోజూ చెప్పావు కదా?’

‘చెప్తే వెనక్కి వెళ్లిపోదామంటావని.’

ఆమె ఒక్కమాట కూడా అనలేదు. గొట్టాలు విప్పింది, చెక్కలు తీసింది, తాళంచెవులు తన జేబులో వేసుకుంది. దగ్గరలోని పెద్ద ఊరు బిల్లింగ్స్. బేర్‌టూత్ మీదుగా వెళ్లొచ్చు. అదే దగ్గర కూడా. ఆమె తక్కువ ఎత్తున్న చీఫ్ జోసెఫ్ రహదారి ఎంచుకుంది. అదీ తక్కువేం కాదు. పొడవాటి వంపులు, దాదాపు 300 అడుగుల లోతున్న లోయమీద వంతెన, ఎనిమిది వేల పైచిలుకు అడుగుల కనుమ. ఆ దారంతా ట్రైలర్ని ఆమే లాక్కెళ్లింది. పక్కసీట్లో కూర్చున్న మనిషి రెండుసార్లు ‘గేరు’ అన్నాడు. రెండుసార్లూ అప్పటికే మార్చేసి ఉంది. వెనక అయిదారు కార్లు చేరితే పక్కకి ఆపి దారిచ్చింది. మళ్లీ కదిలింది.

బిల్లింగ్స్‌లో రెటీనా డాక్టరు చూసి, జబ్బు రెండోరకంలోకి మారిందన్నాడు. రెటీనా వెనక పనికిరాని రక్తనాళాలు మొలిచి కారడం మొదలుపెడతాయి. దీన్ని తడిరకం అంటారు. పొడిరకం ఏళ్లు తీసుకుంటే ఇది వారాల్లోనే చూపు తీసేయగలదు. ఒకప్పుడు చేయగలిగింది పెద్దగా లేదు. 2000ల మధ్య నుంచి కంట్లోకే ఇచ్చే ఇంజెక్షన్లు వచ్చాయి. కారడాన్ని ఆపుతాయి, ఒక్కోసారి పోయిన చూపు కొంత తిరిగి తెస్తాయి. కానీ ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. నాలుగు రోజులు ఫరవాలేదు, నాలుగు వారాలయితే కష్టమయ్యేదన్నాడు డాక్టరు. 65 దాటినవారి ప్రభుత్వ ఆరోగ్యబీమా మెడికేర్ పరాయి రాష్ట్రంలోనూ అక్కరకొచ్చింది. కంట్లో సూది అనగానే భయపడ్డాడుగానీ, చుక్కల మందువేసి మొద్దుబార్చాక తెలియనే లేదు. (మన ఇళ్లల్లోనూ అరవై దాటినవాళ్లకి ద్వారబంధమో కరెంటు స్తంభమో ఉన్నట్టుండి వంకరగా కనిపిస్తే ‘వయసు కదా’ అని ఊరుకోకూడదు. ఆ వారంలోనే కంటి డాక్టరుకి చూపించాలి.)

తర్వాతి సూది నాలుగు వారాలకి, ఇంటి దగ్గరే వేయించుకోవచ్చన్నారు. ఆసుపత్రి మెట్లు దిగుతూ ఆయన ‘బేర్‌టూత్ పోయింది’ అన్నాడు. ‘అది ఎక్కడికీ పోదు’ అందామె. వారం రోజుల్లో ఆమె అన్న మొదటి పెద్దమాట అదే!

రెండున్నర నిమిషాలు

ఇంటికెళ్లే దారిలో ఇంకొకటి మిగిలింది. 2017 ఆగస్టు 21న అమెరికా ఈ చివరనుంచి ఆ చివరకి సంపూర్ణ సూర్యగ్రహణం. ఆ నీడ నెబ్రాస్కా మీదుగానే పోతుంది. ఆ రాష్ట్రపు పడమటిమూల అలయన్స్ అనే చిన్న ఊరి పక్కన, పాత కార్లకి బూడిదరంగు పూసి నిలువునా పాతి స్టోన్‌హెంజ్ నమూనా కట్టారు. 1987 నాటి ఆ కట్టడం పేరు కార్‌హెంజ్. అక్కడికి జనం వేలల్లో వచ్చారు. రైతులు పచ్చికబయళ్లని అద్దెకిచ్చారు. రెండ్రోజులు ముందే చేరిన ఈ జంటకి చిన్న జాగా దొరికింది. ఆమె ఒక్కసారికే రివర్స్ చేసింది.

పదకొండున్నర దాటాక ఎండ పలచబడింది. గాలి చల్లబడింది. దూరంగా ఆవులు దొడ్డివైపు నడవడం మొదలుపెట్టాయి. పడమటినుంచి నీడ పరుగెత్తుకొచ్చి మీదపడింది. నల్లద్దాలు తీశారు. సూర్యుడున్నచోట నల్లటి గుండ్రం. చుట్టూ తెల్లటి వెలుగు జుట్టులా విరబోసుకుని ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు అరుస్తున్నారు, ఏడుస్తున్నారు. ఆయన ఎడమకన్ను మూసి కుడికంటితో చూశాడు. తర్వాత కుడికన్ను మూసి ఎడమకంటితో చూశాడు.

‘మధ్యలో నలుపు, అంచుల్లో వెలుగు. జనం దీనికోసం ఇంత దూరం వచ్చారు. నేను రోజూ చూస్తున్నాను’ అన్నాడు.

ఈసారి ఆమె నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. రెండున్నర నిమిషాల్లో వెలుతురు తిరిగొచ్చేసింది.

లింకన్ చేరేసరికి మీటరు లెక్క 5,400 మైళ్లు. ట్రైలర్ తగిలించినప్పుడు గాలన్‌కి 11 మైళ్లకి మించలేదని ఆమె నోటుబుక్కులో ఉంది. ఆయన ఆ తర్వాత ట్రైలర్ నడపలేదు. మరుసటి వేసవిలో ఆమె నడుపుతుండగా బేర్‌టూత్ కనుమ దాటారు. తర్వాత మరో మూడు వేసవులు తిరిగారు. సూదులు ఆపలేదు. కుడికన్ను చదవడానికి పనికిరాదుగానీ మనుషుల్ని పోల్చుకుంటుంది. ఎడమకన్ను నిలబడింది.

2022 జూన్‌లో వరదలకి ఎల్లోస్టోన్ రోడ్లు కొట్టుకుపోయి, పార్కులో ఉన్న వేలమందిని ఖాళీ చేయించిన ఏడాది వాళ్ల ప్రయాణం రద్దయింది. ఆ శరదృతువులో ట్రైలర్ అమ్మేశారు. కొన్నది ఓ కుర్ర జంట. ఆ అబ్బాయికి అరలు, గొట్టాలు, ట్యాంకులు అన్నీ ఆయనే చూపించాడు, ఎక్కడ చెయ్యి పెడితే ఏ మేకు తగులుతుందో తడిమి మరీ. ఆమె ఆ అమ్మాయిని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, రెండు డ్రమ్ములు తెచ్చి రోడ్డుమీద పెట్టింది.

‘అతనుండగా నాకెందుకండీ?’ అంది ఆ అమ్మాయి.

‘ఎందుకో తర్వాత తెలుస్తుందిలే. ముందు చెయ్యి కింద పెట్టు’ అందామె.